అంచున ఉన్న వాక్యం

మంగళవారం, మధ్యాహ్నం

ప్రియమైన అక్కకు,

చెల్లి నమస్కారాలు. నువ్వూ బావగారూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మా ఒంట్లో బాగానే ఉంది, నా గుండె ఒక్కటే బాగాలేదు. ఎనిమిదో నెల వచ్చింది.

ఆదివారం నాన్నా, మావయ్యగారూ మా ముందుగదిలో కూర్చుంటారు. పుట్టబోయే బిడ్డ ఏ దేవుడి బిడ్డో ఆ రోజు తేల్చాలట. తేలకపోతే నాన్న నన్ను తీసుకుపోతారు. మావయ్యగారు మళ్లీ గడప తొక్కనివ్వరు. మా ఆయన సంగతి నీకు తెలిసిందే. పుస్తకాలకు అట్టలు వేసేవాళ్లకు లోపలి గొడవలెందుకే, జిగురు ఆరిపోతోంది, సూది అందుకో అంటారు.

చిత్రమేమిటంటే, ఆ రోజు పదిమందిలో విప్పి చూపించడానికి ఇద్దరూ తమ గ్రంథాలను మాకే ఇచ్చారు, కొత్త అట్టలు వేయమని. మడత కాగితాల ఫారాలు విడదీసి మళ్లీ కుట్టేది నేనే కదా.

మావయ్యగారు పొద్దున బల్ల దగ్గరికొచ్చి పాఠం చెప్పారు. ముందు వేదం, తర్వాత స్మృతి, ఆపైన పెద్దల నడవడి, అవేవీ తేల్చకపోతేనే మనసుకు తోచింది అని. మన పద్ధతిలో పేరు పెట్టని బిడ్డ దక్కదని ఈ శాస్త్రంలోనే ఉందమ్మా, నాలుగో తరగతి చదివినదానివి నీకేం తెలుస్తుంది అన్నారు. నాన్నేమో ఫోనులో, ముందు బైబిలు వాక్యం, తర్వాత సంఘం, ఆ తర్వాతే మనస్సాక్షి తల్లీ అన్నారు. బాప్తిస్మం లేని బిడ్డ నిలవదని వాక్యంలో ఉందట. రెండిళ్లలోనూ మనసుది పంక్తిలో చివరి చోటే!

మావయ్యగారు చెప్పిన అధ్యాయం తీశాను. కాగితాల మడతలు ఇంకా కోయనే లేదక్కా! అచ్చయిన రోజున ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఇన్నేళ్లలో ఆ పుటలు ఎవరూ తెరవలేదు. కత్తి పెట్టి కోసి, కూడబలుక్కుని చదివాను. దక్కదన్న మాట ఎక్కడా లేదు. మా ఆయనకు చూపిస్తే ఆ పుట మూసేశారు. నోరు మెదిపావంటే ఇల్లు రెండు ముక్కలవుతుంది అన్నారు.

నాన్న బైబిలు అలా కాదు. వేళ్లు తగిలి తగిలి పుటల మూలలు అరిగిపోయాయి. అయినా ఆయన చెప్పిన మాట అచ్చులో లేదు. అంచున పెన్సిలుతో రాసి ఉంది. నాయనమ్మ రాతేమో. నాన్నకు చూపు తగ్గాక రోజూ చదివి వినిపించింది నువ్వే కదా, నీకేమైనా గుర్తుందా?

రెండు పుస్తకాలూ నా ముందే ఉన్నాయి. అయినా భయం పోలేదు. ఆ మాట అచ్చులో లేదని తెలిశాక ఇంకా పెరిగింది.

నీ చెల్లి

తా.క. నాయనమ్మ రాతేమో అన్నది అబద్ధం. పలక మీద నా వేలు పట్టి దిద్దించిన చేతిని పోల్చుకోలేనా? అది నీ రాతే. కింద తారీఖు కూడా వేశావు. బాప్తిస్మానికి ముందే నీ పసివాడు పోయాడే, ఆ మర్నాటిది. దేవుడు చెప్పాడని రాశావా అక్కా, నిన్ను నువ్వు తిట్టుకుంటూ రాశావా? శనివారం మా ఆయన పుటల అంచులు సమంగా కోస్తారు. కత్తి ఆ మాటకు ఇవతల పడి దాన్ని తీసేయాలో, అవతల పడి ఉంచాలో ఒక్క ముక్క రాయి.