తల వంచిన ఫోటో

అవనిగడ్డ
9-2-1962

సువర్ణకు, నేను క్షేమమే, కంగారుపడకు.

మన కరుణ పోయినప్పటినుంచీ దాని మొహం కనపడే ఫోటో ఒక్కటైనా తెమ్మంటున్నావు. ఉన్నది ఆ క్రిస్మస్ భోజనాలది ఒక్కటే. ఆ నెగటివు చల్లపల్లి స్టూడియోలో చూపించాను. "పిల్ల తల వంచుకునుందండీ. పెద్దది చేస్తే పాపిడే పెద్దదవుద్ది, మొహం ఎక్కణ్ణుంచొస్తుందండీ?" అన్నాడు స్టూడియో ఆయన. ప్రార్థనప్పుడైతే బంతిలో ఎవరూ కదలరని, నేనెక్కడికెళ్ళినా భోజనాల ఫోటో అప్పుడే తీస్తాను గదా.

నిన్న ఇక్కడ పెళ్ళిలోనూ అలాగే కెమెరా పెట్టాను. పాస్టరుగారు ప్రార్థన మొదలెట్టగానే అందరూ తలలు వంచారు. చివరి విస్తరి దగ్గర ఓ పిల్ల మాత్రం ఒంటికన్ను తెరిచి బూరె వంక చూస్తోంది. మనదీ అంతే, నువ్వు తొడపాశం పెట్టేదానివి. ఫోటో తియ్యలేకపోయాను.

మీ అన్నయ్య పమిడిముక్కల నుంచి వచ్చాడా? వంటింటి మీద తాటాకు నేయించమను. జ్వరం మందు మానకు. కరుణ కంచం ఎవరికీ ఇవ్వకు.

అమ్మకు వందనాలు చెప్పు. అన్నం ముందు కూర్చుంటే నాకు కళ్ళు మూతపడటంలేదు. నా ప్రార్థన కూడా నువ్వే చెయ్యి.

యేసుపాదం