ఐదుగురి పేర్లు చెప్తే చాలదట

ఒరేయ్ జీవరత్నం, నందిగామలో అందరూ కులాసానా? పని అప్పగించిన పది రోజులకి రాస్తున్నా, ఏమనుకోకు. చెప్పాలంటే భయమేసింది.

మీ అమ్మాయి జాయిస్ చేత డిగ్రీలో మ్యాథ్స్ మానిపించి కంప్యూటర్స్‌కి మార్పించమన్నావు కదా. హాస్టల్ నుంచి మన చెప్పుల షాపుకి పిలిపించా. "లెక్కలు చదివినోళ్లకి ఉద్యోగాల్లేవమ్మా" అని ఇక్కడ పేటలో ఖాళీగా ఉన్న ఐదుగురి పేర్లు చెప్పా. "ఐదుగుర్ని చూపిస్తే అందరి సంగతీ రుజువైనట్టు కాదు బాబాయ్" అంది.

మరి రుజువంటే ఏంటని అడిగా. రెండు సరిసంఖ్యలు కలిపితే సరిసంఖ్యే వస్తుందని చూపించమంది. నాలుగూ ఆరూ పది, ఎనిమిదీ పన్నెండూ ఇరవై అని చెప్పుకుపోతున్నా. "ఎన్నని చెప్తావు, సంఖ్యలు అయిపోవుగా" అని నవ్వి, అట్టపెట్టె మీద 2k, 2m అని రాసింది. k అన్నా m అన్నా ఎన్ని జతలైనా సరే అంది. అప్పుడు వెలిగిందిరా నాకు. k జతలూ m జతలూ ఒకే సంచిలో పోస్తే k+m జతలే, ఒంటి చెప్పు మిగలదు. ఇరవై ఏళ్లుగా అమ్ముతున్నా, ఇన్నాళ్లూ ఆలోచించలా.

ఆ ఊపులో, కాలేజీలో ఇవ్వాల్సిన సబ్జెక్టు ఫారం మీద గార్డియన్ అన్నచోట సంతకం పెట్టేసా. మ్యాథ్స్‌కే.

మార్చుకోడానికి శుక్రవారం దాకా టైముందట. నువ్వే వచ్చి మాట్లాడు, పిల్ల కూడా నాన్నకే చెప్తానంటోంది. నన్ను మాత్రం మళ్లీ పంపకు, ఈసారి ఎమ్మెస్సీకి కూడా సంతకం పెట్టేస్తానేమో. పేటకి ఎప్పుడొస్తున్నావు?