థాయ్ పౌరురాలైన పిన్నికి

పిన్నీ,

ఈరోజు డల్లాస్‌లో అమెరికా పౌరసత్వ ప్రమాణం చేశాను. ఇర్వింగ్‌లో ఇంటికొచ్చేసరికి స్నేహితులు కేక్ తెచ్చారు. "కంగ్రాట్స్! ఇంక వీసా టెన్షన్ లేదు" అన్నారు. ఎందుకు తీసుకున్నావని ఒక్కరూ అడగలేదు.

నిన్ను మాత్రం అందరూ అడిగారు. చియాంగ్‌మాయ్ బడిలో లెక్కలు చెబుతూ అక్కడే ఉండిపోయి, నువ్వు ఇండియా పాస్‌పోర్ట్ వదులుకున్నప్పుడు అమ్మ ఫోన్‌లో ఏడ్చేసింది.

"అమెరికా అంటే సరే. థాయ్‌లాండ్ ఏంటే?"

"నా పిల్లలంతా ఇక్కడే ఉన్నారక్కా. ఎన్నాళ్లని వాళ్ల మధ్య చుట్టంలా ఉండను?" అన్నావు నవ్వుతూ. పెళ్లే చేసుకోని నువ్వు పిల్లలన్నది నీ విద్యార్థుల్ని. వాళ్ల దగ్గరే థాయ్ జాతీయగీతం నేర్చుకుని, నెరిసిన జుట్టుతో అధికారుల ముందు నిలబడి పాడావు.

నిరుడు నీ అంత్యక్రియలు వీడియోలో చూశాం. ఆ పిల్లలు పెద్దవాళ్లై, తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఒక్కొక్కరూ నీ ముందు మోకరిల్లి పువ్వు పెట్టి వెళ్లారు. ఆ వరుస ఎంతకీ తరగలేదు. అమ్మ కళ్లు తుడుచుకుని, "మనకంటే దానికే ఎక్కువమంది సొంతవాళ్లున్నారే" అంది.

ఇవాళ డల్లాస్ హాల్లో ప్రమాణానికి కుడిచెయ్యి ఎత్తినప్పుడు, నీ అంత ఇష్టంగా ఆ మాటలు పలకాలని ప్రయత్నించాను పిన్నీ.