పురిటికొచ్చిన కూతురు

4 ఆగస్టు 1961, శుక్రవారం. నకిరేకల్.

మంజులతకు ఆర్డర్ వచ్చింది. రామన్నపేట తాలూకా ఆఫీసులో క్లర్కు. సర్కారు నౌకరి, అదీ అత్తగారి ఊళ్లోనే. నెలాఖరు లోపల ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌తో హాజరు కావాలి.

తల్లి లేని మనుమరాలిని ఏడాది పిల్లప్పటి నుంచి పెంచి, మెట్రిక్ చదివించి, టైపు నేర్పించింది ఇందుకే. సంతోషించాలి. కాగితం మడిచి పెట్టి బియ్యం ఏరుతూ కూర్చున్నాను.

పిల్లకు ఐదో నెల. పోయిన శుక్రవారమే గాజులు వేయించాను. ఏ పనీ వేళ తప్పడం నాకు ఇష్టం ఉండదు.

6 ఆగస్టు

మంజులత మొదటి కాన్పు ఈ ఇంట్లోనే జరిగింది. మంత్రసాని రెండు రోజులు చూసి చేతులెత్తేసింది. సడక్ మీద లారీ ఆపి నల్లగొండ చేర్చేసరికి బిడ్డ పోయింది. పిల్ల దక్కింది, అంతే.

ఇప్పుడు మంజులత డ్యాం కడుతున్న క్యాంపులో కాంట్రాక్టు కంపెనీ టైపిస్టు. కంపెనీ డాక్టరు చూసి, ఎముక ఇరుకుగా ఉంది, ఈసారి నొప్పులు రాకముందే చేర్చండి, ఆపరేషన్ కావచ్చు అన్నాడు. ఆయన చేస్తాడు. కంపెనీ దవాఖాన కార్డు ఉన్నవాళ్లకు అక్కడ మంచం ఉంటుంది. కార్డు నౌకరితో వచ్చింది, నౌకరితోనే పోతుంది. ఆమె భర్త లింగస్వామికి గొర్లు, రెండెకరాలు ఉన్నాయి. కార్డు లేదు.

8 ఆగస్టు. క్యాంపు.

కంపెనీ హెడ్ క్లర్కు కాటమయ్యను అడిగాను. నౌకరి మానినా కాన్పు దాకా కార్డు నడుస్తుందా అని.

రిజిస్టర్ల పేరు ఉన్నన్ని రోజులేనమ్మా, పేరు కొట్టేసిన తెల్లారి మీరు బయటోళ్లే అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. కడుపుతో ఉన్నోళ్లను సర్కారు మెడికల్‌ల పాస్ చెయ్యరట. ఆయన మరదలిని అట్లనే తిప్పి పంపిన్రట.

క్యాంపులో ఉంటే సర్కారు నౌకరి పోతుంది. పోతే మంచం పోతుంది. మంజులతకు ఒకటే మాట చెప్పాను. ముందు మెడికల్, తర్వాతే రాజీనామా. రెండు సార్లు చెప్పాను.

10 ఆగస్టు

చెప్పకుంటే ఎవరికి తెలుస్తది అవ్వా, చీరె కట్టుకుంటే నాకే తెలుస్తలేదు అంటుంది మంజులత. లింగస్వామి వచ్చి ఆమె పక్షమే చేరాడు. పెండ్లయి నాలుగేండ్లాయె, గొర్లతోనే కాపురం చేస్తున్న, ఇప్పుడన్న ఇంటికి రానియ్యి అన్నాడు. నవ్వొచ్చింది. నవ్వలేదు.

దాచడం నాకు చేతకాదని చెప్పాను. నువ్వు మాట్లాడకు, ఊకె కూసో, నేనే చెప్పుకుంట అన్నది పిల్ల.

14 ఆగస్టు. నకిరేకల్.

మెడికల్ నాటికి గాజులు తీయిద్దామనుకున్నాను. చూసిన వాళ్లెవరికైనా తెలిసిపోతుంది, కడుపుతో ఉన్నవాళ్లకు ఒక చేతికి ఒకటి ఎక్కువ కదా. అనుకుంటుండగానే పిల్ల అత్త నర్సింగమ్మ దిగింది. మంజులత చేయి పట్టుకుని గడప మీదే కూర్చుంది. అత్తమ్మా, నీకు చదువున్నది, నాకు ఒక్క కొడుకున్నడు, కాన్పు గాకుంట గాజు తీస్తే ఎవరికి తగుల్తదో నీకు తెల్వదా అని నన్ను అడిగింది. పోయిన బిడ్డ సంగతి కూడా ఎత్తింది. అప్పుడు ఏ నేమం తప్పినమో అన్నది.

గాజులు వేయించిందీ నేనే.

గాజులు కనపడకుండా పొడుగు చేతుల రవిక కుట్టాను.

17 ఆగస్టు. నల్లగొండ.

సర్కారు దవాఖానలో లేడీ డాక్టరు మా కంటే మెల్లగా మాట్లాడే మనిషి. ఎత్తు, బరువు, కళ్లు చూసింది. నాడి చూడ్డానికి రవిక చేయి పైకి జరిపింది. రెండో చేయి కూడా జరిపింది. గాజుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ పోయింది. మంజులత గోడ దిక్కు చూస్తున్నది.

ఎన్నో నెలమ్మా అని డాక్టరు నన్ను అడిగింది. పిల్లను కాదు.

ఐదు అన్నాను.

లేదని అనవచ్చు. కొందరు ముచ్చటకు కూడా గాజులు వేసుకుంటారు. ఆమె నాకు ఆ సందు ఇచ్చిందేమో కూడా. నా నోరు తిరగలేదు.

టెంపరరీ అన్‌ఫిట్ అని రాసింది. కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ రండి, పోస్టు అట్లనే ఉంచుమని తాలూకా ఆఫీసుకు నేను రాస్త అన్నది. అంటే నౌకరి పోలేదు. కార్డూ ఉంది. బయటికి వచ్చి ఊపిరి పీల్చుకున్నాను. మంజులత బస్సులో నా పక్కన కూర్చోలేదు.

18 ఆగస్టు

ఉప్పు, కిరసనాయిలు, బస్సు చార్జీ లెక్క రాశాను. ఇంకేమీ రాయను.

19 ఆగస్టు

మంజులత పన్నెండో తారీఖునే రాజీనామా ఇచ్చేసిందట. పాస్ అయితనే అనుకున్న అన్నది. లింగస్వామి తొందర పెట్టాడట. నేను రెండు సార్లు చెప్పాను.

నువ్వు చెప్పినవు అవ్వా, డాక్టరమ్మకు గూడ చెప్పినవు, నీ నిజం నువ్వు కాపాడుకున్నవ్ అన్నది. ఏడవలేదు. నీళ్ల బిందె ఎత్తబోతే నేను గుంజుకున్నాను.

కాన్పు దాకా రెండు తలుపులూ మూసుకున్నాయి. నడుమ పిల్ల, పిల్ల కడుపులో బిడ్డ.

22 ఆగస్టు. క్యాంపు.

కాటమయ్య: రాజీనామా కాగితం హెడాఫీసుకు పోయింది, మంజూరయ్యి గూడ వచ్చింది, ఒకటో తారీఖు కొత్త టైపిస్టు దిగుతడు.

వేరే ఏ పనైనా ఇమ్మన్నాను. కూలీ పిల్లల షెడ్డు బడికి టీచరమ్మ కావాలె, వచ్చినోళ్లు వచ్చినట్టే పారిపోతున్నరు అన్నాడు. మంజులతను తీసుకొమ్మన్నాను. రాజీనామా ఇచ్చినోళ్లను మల్ల ఏడాది దాక తీసుకోరమ్మా అన్నాడు.

నేనూ రిటైరైన పంతులమ్మనే, నన్ను తీసుకుంటారా అని అడిగాను. కింది నుంచి పై దాకా చూశాడు. పంతులమ్మా, ఆ పోరగాండ్లు గుట్టలెక్కి ఉరుకుతరు, మీ మోకాళ్లు ఉరుకుతయా అన్నాడు. వాళ్లే దిగి వస్తారు, నా గొంతు మీకు తెలియదు అన్నాను.

కార్డు మీద ఎవరెవరు వస్తారని అడిగాను. భర్త, పిల్లలు. పెండ్లయిన బిడ్డలు రారు, పురిటికి పుట్టింటికొచ్చిన బిడ్డ ఒక్కతే వస్తది అన్నాడు. మేనేజరు బిడ్డే అట్ల వచ్చినంక ఆ రూలు పుట్టిందట.

మనుమరాలు?

మనుమరాలు రాదు అన్నాడు.

28 ఆగస్టు

ఫారం నింపాను. కాటమయ్య నా ముందు పెట్టి, చాయ తాగొస్త అని లేచి పోయాడు. ఆ మనిషి చాయ తాగడని నాకు తెలుసు.

బడిలో ముప్పై ఒక్క ఏళ్లు. అబద్ధం రాసిన పిల్లల చేత ఎండలో గుంజీళ్లు తీయించాను. సంబంధం అనే గడిలో రాయడానికి చాలాసేపు పట్టింది. మంజులత, కూతురు, పురిటికి వచ్చినది. దస్తూరి ఎప్పటిలాగే ఉంది. అదే ఆశ్చర్యం.

ఇలాంటి అబద్ధం పదకొండు రోజుల ముందు ఆ డాక్టరు గదిలో నోటికి వచ్చి ఉంటే.

17 సెప్టెంబరు. క్యాంపు.

రేకుల ఇల్లు. ఒక్క కిటికీ. మధ్యాహ్నం రాయి పేల్చే ముందు సైరన్ మోగుతుంది, తలుపు వేసుకుని మళ్లీ మోగేదాకా లోపలే ఉండాలి. రేకులు పెనం లాగా కాలుతాయి. ఆమె ఒక మూల, నేను ఒక మూల.

బయట నలుగురు ఉంటే నన్ను అమ్మా అని పిలవమన్నాను. పిలవదు. అవ్వా అని కూడా మానేసింది. ఇదిగో అంటుంది.

5 నవంబరు

మంజులత కాళ్లకు నీరు. డాక్టరు ఉప్పు మానిపించాడు. నర్సింగమ్మ మజ్జిగ మిరపకాయలు పంపింది. దాచాను. దొంగతనంగా తిన్నది.

2 డిసెంబరు

వచ్చే గురువారం చేర్చమన్నారు. లింగస్వామి గొర్లను పెద్దనాయన కొడుక్కు అప్పగించి వచ్చాడు. వాకిట్లో పడుకుంటున్నాడు.

7 డిసెంబరు. కంపెనీ దవాఖాన.

లోపలికి తీసుకుపోయే ముందు నర్సు గాజులన్నీ తీసి నా కొంగులో పోసింది. ముడి వేసుకున్నాను.

చాలాసేపటికి తలుపు తెరిచి, మంజులత అమ్మ ఎవరు అని అడిగింది.

లేచాను. కొంగులో గాజులు చప్పుడయ్యాయి. ఇద్దరు మంచిగున్నరు, బిడ్డను పట్టుకో అని చేతులు చాపమన్నది.