కిటికీలోంచి కారుకు కరెంటు

రోరోస్, ఫిబ్రవరి 5

మన నివాసుల సంఘం అధ్యక్షులు ఎంబ్రెట్ గారికి,

మీ పై వాటాలో ఉండే రాగ్నా నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమేనని పొద్దున మీ రేడియో చెప్పింది. మెట్లు దిగి తలుపు తట్టవచ్చు గానీ, పంతొమ్మిదేళ్ళుగా లేని అలవాటు ఇప్పుడెందుకని ఉత్తరం.

శరదృతువులో నేను కొన్న కరెంటు కారు అప్పుడు రెండు వందల డెబ్బై కిలోమీటర్లు పోతానంది. ఇప్పుడు మైనస్ ఇరవై ఏడు. నూట ఇరవై అంటోంది, అదీ నసుగుతూ. టిన్సెట్ వృద్ధాశ్రమంలో ఉన్న మా తమ్ముడు పేదర్‌ను చూడటానికి ప్రతి గురువారం పోను యాభై మూడు, రాను యాభై మూడు. హీటరు ఆపి, గొర్రెతోలు కప్పుకుని నడుపుతున్నాను. వాడు పొద్దుటినుంచే టోపీ పెట్టుకుని ఎదురుచూస్తాడు. అందుకని మన ఆవరణలో అందరికీ పనికొచ్చేలా ఛార్జింగ్ స్తంభాలు వేయించమని మనవి. అంతవరకూ వంటింటి కిటికీలోంచి కేబులు వేలాడదీసి ఉంచి, బుధవారాల్లో కారుకు పెడతాను.

ఇట్లు,
రాగ్నా

తా.క.: కేబులు వల్ల కిటికీ పూర్తిగా మూతపడటం లేదు. పాలు గడ్డకట్టకుండా ఫ్రిజ్‌లో దాస్తున్నాను.

ఫిబ్రవరి 7

రాగ్నా గారికి,

ఉభయకుశలోపరి. మీ మనవి అందింది. ఆవరణ అందరిదీ కాబట్టి మార్చి 14న సర్వసభ్య సమావేశంలో పెడతాను. పన్నెండు ఇళ్ళు, పన్నెండు ఓట్లు. సమానమైతే ఇప్పుడున్నట్టే ఉంటుంది. ఇంట్లో దీపాలకు వాడే కేబులుతో కారును ఛార్జి చేయడం ప్రమాదం. ప్లగ్గు వేడెక్కితే వెంటనే ఆపండి. శనివారం అందరం కలిసి మంచు తీసే రోజు. పారలు ఎవరివి వారే తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఎంబ్రెట్, అధ్యక్షుడు

తా.క.: రోరోస్ పట్టణాన్నంతా వెచ్చబెట్టడం మన సంఘం నియమావళిలో లేదు. కిటికీ సందులో పాత దుప్పటి కుక్కండి.

ఫిబ్రవరి 15

ఎంబ్రెట్ గారికి,

మీరు క్షేమమని తలుస్తాను. నేను కాను. నిన్న కారుకు పెడదామని కేబులు లాగితే మంచులోంచి గజం ముక్క చేతికొచ్చింది. మిగతాది మూడు ముక్కలు. ఈ పొద్దున ఊరి ఛార్జింగు దగ్గర ఆరు కార్ల వెనక నిలబడ్డాను. నా వంతు వచ్చేసరికి పేదర్‌ను చూసే వేళ దాటిపోయింది. సాయంత్రం దాకా టోపీ తీయనివ్వలేదని నర్సు ఫోన్లో చెప్పింది. నాకు ఏడుపొచ్చింది.

ఇది నా ఎదురు వాటాలో ఉండే డీజిల్ కారు యోస్టెయిన్ పనే. మొన్న మంచు తీస్తూ నలుగురిలో, "కారుకి కరెంటేంటమ్మా, అదేమన్నా ఇస్త్రీపెట్టెనా?" అన్నాడు. "అవును, నీ మొహం మీద ముడతలు తీయడానికి కొన్నా" అన్నాను. ఆ కక్ష తీర్చుకున్నాడు.

ఇట్లు,
రాగ్నా

తా.క.: ఇకనుంచి మెట్ల మీద అతను ఎదురైతే గోడవైపు చూస్తాను. ఇదివరకూ అందరం అంతే అనుకోండి. ఇప్పుడు కోపంగా చూస్తాను.

ఫిబ్రవరి 20

రాగ్నా గారికి,

చూడనిదాన్ని చూసినట్టు అనుకోవడం మంచిది కాదు. కేబులు తెగడానికి సవాలక్ష కారణాలు. మంచు బరువు ఉంది, ఎలుకలు ఉన్నాయి. దయచేసి ఎవరినీ నిందించకండి. మీ గుమ్మం ముందు ఎవరో కార్ల కోసమే చేసిన కొత్త కేబులు పెట్టి వెళ్ళినట్టు విన్నాను. వాడుకోండి.

ఇట్లు,
ఎంబ్రెట్, అధ్యక్షుడు

తా.క.: యోస్టెయిన్ వచ్చి, "ఆవిడ గోడకేసి అలా చూస్తోందేంటండీ, పగుళ్ళేమన్నా వచ్చాయా?" అని కంగారుపడ్డాడు. గోడ పరీక్షకు ముగ్గురితో ఉపసంఘం వేశాం.

మార్చి 4

ఎంబ్రెట్ గారికి,

నమస్కారం. కొత్త కేబులు చూశాను. ముందు కోసి, తర్వాత కొత్తది ఇచ్చేవాణ్ణి నమ్మమంటారా? నన్ను కరెంటుతో చంపే ఎత్తు ఇది. దాన్ని కరెంటుకు తగిలించను.

ఓట్లు లెక్కపెట్టాను. స్తంభాలు కావాలనేవాళ్ళు నాతో కలిపి ఆరుగురు. మిగతా ఆరుగురిలో అయిదుగురు వద్దంటున్నారు, మీరు నోరు విప్పలేదు. నెగ్గకపోతే ఈ ఇల్లు అమ్మేసి టిన్సెట్ వెళ్ళిపోతాను. అక్కడ ఒక చిన్న వాటా చూశాను. ఈ ఊరు వదలడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కేబులు కోసిన సంగతీ స్తంభాల సంగతీ సమావేశంలో ఒకే అంశంగా పెట్టండి. యోస్టెయిన్‌ను అందరి ముందూ నిలదీస్తాను.

ఇట్లు,
రాగ్నా

తా.క.: కొత్త కేబులు మీద బట్టలు ఆరేస్తున్నాను. ఉన్నిచొక్కాలకు కూడా ఆగుతోంది, గట్టిదే.

మార్చి 14, ఉదయం

రాగ్నా గారికి,

మీరు కోరినట్టే రెండూ ఒకే అంశంగా పెట్టాను. పెట్టాక మూడు రోజులు నిద్ర లేదు.

కేబులు కోసింది యోస్టెయిన్ కాదు, నేను. ఆ మంచు తీసే శనివారం అందరికంటే ముందు లేచి, కొత్తగా కొన్న మంచు ఎగజిమ్మే యంత్రం నడిపాను. మంచు కింద కేబులు ఉందని తెలిసేలోపు తెగింది. అందరికీ పారలు తెచ్చుకోమని చెప్పి, నేను యంత్రం వాడానని ఒప్పుకోవడానికి సిగ్గేసింది. ముక్కల మీద మళ్ళీ మంచు కప్పాను. కొత్త కేబులు పెట్టిందీ నేనే. పేదర్ గారు ఎదురుచూశారని చదివిననాడే వెళ్ళి కొన్నాను. నన్ను క్షమించండి. యోస్టెయిన్‌కు ఇప్పుడే వెళ్ళి చెబుతాను.

తన తప్పు చర్చకు వచ్చిన అంశంలో ఎవరూ ఓటు వేయకూడదు. గదిలో కూడా ఉండకూడదు. మన పద్ధతి అది. కాబట్టి సాయంత్రం ఈ అంశం వచ్చినప్పుడు నేను మెట్ల మీద కూర్చుంటాను.

ఇట్లు,
ఎంబ్రెట్

తా.క.: మీరు అడగలేదు గానీ, నా ఓటు స్తంభాలకు వ్యతిరేకం. స్తంభాలు వస్తే నా యంత్రం పెట్టుకునే చోటు పోతుంది. నేనుంటే సమానం, బయట కూర్చుంటే ఆరుకు అయిదుతో మీరే నెగ్గుతారని ఇది రాశాకే లెక్క తేలింది. ఉత్తరం చింపేద్దామనిపించింది. చింపలేదు. స్తంభాలు వచ్చాక గురువారాలు హీటరు వేసుకుని వెళ్ళండి.