యాడ సముద్రం, యాడ ఛత్రినాక

సోమవారం, రాత్రి.

బోనాలు నిన్నటితో అయ్యాయి. నా కోపం ఇవాళ మొదలైంది.

ఈ ఛత్రినాకలో మా ఇంటి ఓనరు నర్సింగన్న రోజూ పొద్దున్నే పైపు పెట్టి వాకిలి, సందు, స్కూటర్ అన్నీ కడుగుతాడు. బోరు అడుగంటుతోంది, ఈ ఏడు ఎల్‌నినో, కాస్త ఆపండి అని నెల నుంచీ మొత్తుకుంటున్నాను. పసిఫిక్ సముద్రంలో ఆ చివర నీళ్లు వేడెక్కితే గాలులు తారుమారై మన రుతుపవనాలు చాలాసార్లు నీరసిస్తాయని, బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు.

"యాడ సముద్రం, యాడ ఛత్రినాక టీచర్? గింత ఫికర్ ఎందుకు?"

ఇవాళ గుడి దగ్గర రంగం. పచ్చికుండ మీద నిలబడి, అమ్మవారు పూని భవిష్యవాణి చెప్పే ఆమె, "నీళ్లన్నీ మోరీల పారబోస్తున్నరు బిడ్డా, గందుకే వానలు తక్కువ జేస్త" అంది. అంతే! సాయంత్రానికల్లా పైపు అటకెక్కింది.

అది చాలదన్నట్టు పైకొచ్చి నా తలుపు కొట్టాడు.

"టీచర్, అమ్మ చెప్పింది. నీళ్లు జర చూసి వాడుండ్రి."

నాకు చెబుతున్నాడు! నాకు! పళ్లు కొరుక్కుంటూ సరే అన్నాను. నెలంతా మోరీపాలైన నీళ్లు ఇప్పుడెవరు తెచ్చిస్తారు? ఎండాకాలం దాకా ఈ బోరు...

వచ్చే ఏడు ఈయనకు ఒక్క ముక్క కూడా చెప్పను. బోనాలకు ముందే రంగం చెప్పే ఆమె ఇంటికి వెళ్లి, సముద్రం సంగతి ఆమె చెవిన వేసి వస్తాను.