పంటి సిమెంటుకు వ్యాలిడిటీ

రూతు వాళ్ల నాయినా,
నేను ఏడింటి బస్సుకు ఆత్మకూరు కుట్టు దుకాణానికి పోతున్న. నువ్వు రెండింటికి పుణె బస్సు ఎక్కేటప్పటికి రాలేను. నిద్రల ఉన్నవని లేపలే. రొట్టెలు గుడ్డల చుట్టిన, పప్పుల నానబెట్టుకొని తిను. నిన్న పుచ్చుపంట్ల సిమెంటు పెట్టిన దిక్కు నమలకు.

సంచిలకెళ్లి నీ పండ్లు తోమే నల్లపొడి తీసేసి పేస్టు పెట్టిన. కోపం చెయ్యకు. వనపర్తి డాక్టరమ్మ చెప్పింది మతికున్నదా? ఆ సిమెంటుల ఫ్లోరైడ్ ఉంటదంట. మొదట్ల పంటికి మస్తు ఇస్తదంట, పోను పోను తక్కువైతదంట. రెండు పూటలా పేస్టుతోని తోమితే మళ్ల జర నింపుకొని ఇస్తదంట. "రీచార్జ్ అయితది" అన్నది. నువ్వేమో "వ్యాలిడిటీ ఎన్ని రోజులు మేడం" అని అడిగినవ్. ఆమె నవ్వింది, నాకు సిగ్గయింది.

పొద్దుగాల రొట్టెలు చేస్తుంటే గదే మతికొచ్చింది. పుణె పనికెళ్లి వచ్చిన దినం నువ్వు ఇల్లంత మాట్లాడుతవ్. రెండో దినం సగం. మూడో దినం సంచి సర్దుతవ్. ఆ మాటలతోనే నేను మూడు నెలలు ఎల్లదీస్త.

తాళంచెవి పక్కింటి వెంకటమ్మ పెద్దమ్మకియ్యి, మన రూతు బడికెళ్లి వచ్చి తీసుకుంటది. బస్సు తప్పితే పరేషాన్ గాకు, ఇంటికి రా.

పంటి సిమెంటుకు వ్యాలిడిటీ అడిగినవ్ గని, నీ మాటలు నాకెన్ని రోజులొస్తయో ఎన్నడన్న అడిగినవా?